చెక్క మీది కొక్కుకూ తుజా చెట్టుకూ పోలిక: మొద్దు దగ్గర నుంచి వైవా దాకా

మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడ్డాయంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "సార్, చెక్క మీద పెరిగే శిలీంధ్రాన్నీ ఒక కోనిఫర్‌నీ పోల్చి రాయమన్నరు. ఎట్ల మొదలుపెట్టాలె?" హన్మకొండ నుంచి, నర్సంపేట నుంచి, పరకాల, జమ్మికుంట, మంచిర్యాల నుంచి. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారి వరసగా రాసిపెడితే మేలనిపించింది. డిగ్రీ బోటనీ వాళ్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నా, ఇంటర్ పిల్లలు కూడా 7వ అంచె దాకా హాయిగా చేసుకోవచ్చు.

ముందే ఒక ముక్క చెప్పాలి. ఈ ప్రాజెక్టుల్లో చాలావరకు ఒకే చోట చెడతాయి. కొక్కును, అంటే పుట్టగొడుగును, పట్టుకెళ్లి చెట్టు పక్కన నిలబెడతారు. కొక్కు చెట్టుకు సాటి కాదు, అది శిలీంధ్రం కాసిన కాయ లాంటిది. దాని అసలు ఒళ్లు చెక్క లోపల సన్నటి దారాలుగా పాకి ఉంటుంది, మనకు కనపడదు. కోనిఫర్ అంటే పూలకు బదులు శంకువులు (కోన్లు) కాసే చెట్టు, మనం తీసుకునేది తుజా. కాబట్టి కొక్కుకు జోడీ ఆ తుజా శంకువు. తుజా చెట్టుకు జోడీ ఆ లోపలి దారాల వల. కింద రాసినదంతా ఈ జోడీలు తప్పకుండా చూసుకోవడానికే.

1. ముందు జతను ఖాయం చేసుకోండి

"శిలీంధ్రం", "కోనిఫర్" అని శీర్షికలో రాసి ఊరుకుంటే అందులో పోల్చడానికేమీ ఉండదు. ఒక్కో వైపు ఒక్కో జాతి ఉండాలి, అది మీ చేతికి అందేదై ఉండాలి.

మన వైపు నేను చెప్పే జత ఇది. శిలీంధ్రం: షైజోఫిల్లమ్ కమ్యూన్. వానాకాలంలో మామిడి, చింత మొద్దుల మీద గుంపులుగా వస్తుంది. కాడ ఉండీ లేనట్టు, చిన్న విసనకర్ర ఆకారం, 1 నుంచి 4 సెం.మీ. వెడల్పు. పైన తెల్లటి బూడిదరంగు నూగు. తిప్పి చూస్తే కింది వైపు సన్నటి పలకలు, అంటే మొప్పలన్నీ, నిలువునా చీలి ఉంటాయి. ఆ చీలికే దాని గుర్తు, అది చూశాక ఇంకే కొక్కుతోనూ పొరబడరు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లో ఉంది గనక దొరకలేదనే బెంగ లేదు.

కోనిఫర్: తుజా. పాత ఇళ్ల గేటు పక్కన, పార్కుల్లో, ఆఫీసుల ముందు దువ్వెనలా పరిచిన ఆకుకొమ్మలతో నిలబడి ఉంటుందే, అదే. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ 1753లో థూజా ఓరియంటాలిస్ అన్నాడు. 1949 నుంచి దాని పేరు ప్లాటిక్లాడస్ ఓరియంటాలిస్. రికార్డులో కొత్త పేరు రాసి, పక్కన పాతది కూడా పెట్టండి. పాత పేరుతో చదువుకున్న ఎగ్జామినర్ వస్తే అనవసరమైన వాదన తప్పుతుంది.

ఏ చెట్లు పనికిరావో కూడా చెప్పాలి, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు తెస్తారు.

- సర్వి చెట్టు, అదే సరుగుడు. సూదుల్లాంటి ఆకులు, శంకువుల్లాంటి కాయలు చూసి మోసపోతారు. అది పూలు పూసి, విత్తనాలను కాయలో దాచే ఆవృతబీజం. ఆ "సూది" నిజానికి సన్నటి కొమ్మ, దాని కణుపుల దగ్గర పొలుసుల్లా ఉన్నవి ఆకులు.
- సైకాస్. విత్తనాలు కాయలో దాగని వివృతబీజమే, కోనిఫర్ మాత్రం కాదు.
- క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియా. ఇది అసలైన కోనిఫరే. చిక్కల్లా శంకువులు మన చేతికి అందకపోవడం. పైగా నార్ఫోక్ పైన్ అని అమ్మేవాటిలో చాలావరకు కుక్ పైన్లే. కుక్ పైన్ భూమధ్యరేఖ వైపు ఒరుగుతుందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. మీ వీధిలో పెద్ద చెట్టు ఉంటే ఫోన్‌లో దిక్సూచి తీసి చూడండి, మనకు దక్షిణానికి ఒరగాలి. సరదాకే, ప్రాజెక్టుకు కాదు.

ఏటూరునాగారం అడవంతా తిరిగినా తనంతట తాను మొలిచిన కోనిఫర్ ఒక్కటీ కనపడదు. తుజా పుట్టిల్లు చైనా, కొరియా ప్రాంతం. ఇక్కడిది నాటిన చెట్టే. ఈ వాక్యం రిపోర్టులో తప్పకుండా ఉండాలి.

2. ఎప్పుడు ఏది దొరుకుతుందో రాసుకోండి

ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలు కొక్కుకు మంచి కాలం. ఎండాకాలంలో కూడా ఎండి ముడుచుకుపోయి మొద్దుకు అంటుకునే ఉంటుంది, పనికొస్తుంది, కానీ గుర్తుపట్టడం కొత్తవాళ్లకు కష్టం.

తుజా ఆకు, ముదురు శంకువులు ఏడాదిలో ఎక్కువ భాగం దొరుకుతాయి. మగ శంకువులు మాత్రం రెండు మూడు మి.మీ. బుడిపెలు, కొమ్మ చివళ్లలో వస్తాయి. చలి తగ్గే రోజుల నుంచి వారానికోసారి చూడండి. వేలితో తడితే పసుపుపచ్చ పొడి రాలితే అదే పరాగం. ఒక చిటికెడు కాగితంలో మడిచి తేదీ రాసి దాచుకోండి. జూన్‌లో ప్రాజెక్టు ఇచ్చి నవంబర్‌లో అడిగే కాలేజీల్లో ఇది కుదరదు. అలాంటప్పుడు పోయిన ఏడు సీనియర్లు తీసిపెట్టిన స్లైడ్లు ఉన్నాయేమో లాబ్‌లో అడగండి.

3. సంచిలో ఏమేం ఉండాలి

- పాత వార్తాపత్రికలు, కాగితపు కవర్లు. పాలిథిన్ వద్దు.
- గట్టి చాకు, కొత్త బ్లేడ్లు నాలుగు
- 10 రెట్లు చూపే చేతి లెన్సు
- 15 సెం.మీ. స్కేలు, ఫొటోల్లో కొలతకు
- పెన్సిల్. వానలో పెన్ను రాత నీరుకారుతుంది.
- మాస్కు, చేతి తొడుగులు

మాస్కు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈ శిలీంధ్రం అరుదుగా మనుషుల సైనసుల్లో, ఊపిరితిత్తుల్లో చేరిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆస్తమా ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు సేకరణ పని తోటివాళ్లకు అప్పగించి ఫొటోలు, నోట్సు చూసుకోవాలి. కొక్కును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడటం ఎవరికీ మంచిది కాదు. మణిపూర్‌లో దీన్ని వండుకు తింటారని చదివి వంటింట్లోకి కూడా తీసుకెళ్లకండి.

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుంది. అయినా అంత దూరం పోవాల్సిన పనేముంది? మామిడితోట గట్టు మీద నరికి పడేసిన మొద్దు, ఊరి చివర సామిల్లు చాలు.

4. మొద్దు దగ్గర: కోయకముందు పది నిమిషాలు

సామిల్లుకు పోతే ముందు యజమానిని అడగండి. నేను మొదటిసారి పోయినప్పుడు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గా బూజుపట్టిన మొద్దెందుకు సారూ, మంచి టేకు సూపిస్త దా" అన్నాడు. కొక్కులకోసం వచ్చానని చెబితే నవ్వి, "గవేనా, అన్ని తీస్కపొండ్రి, మాకు పీడ పోతది" అన్నాడు. ఆ మాట నాకు అప్పటినుంచీ పాఠంలో పనికొస్తోంది. ఆయనకు అది పీడ, ఎందుకంటే ఆయన అమ్మే సరుకునే అది తింటోంది.

కోసే ముందు వరసగా ఇవి రాయండి.

- ఇది ఏ చెట్టు మొద్దు? తెలియకపోతే మిల్లులో అడగండి, వాళ్లు బెరడు చూసి చెబుతారు.
- బెరడు మీద వచ్చిందా, కోసిన ముఖం మీద వచ్చిందా?
- నేల నుంచి ఎంత ఎత్తు? ఎండ తగిలే వైపా, నీడ వైపా?
- చుట్టూ చెక్క ఎట్లా ఉంది: గట్టిగానా, గోటితో గీరితే వస్తోందా, ఏ రంగు?
- ఎన్ని రోజుల కింద వాన పడింది?

తర్వాత మూడు ఫొటోలు: పై నుంచి, పక్క నుంచి, కింద మొప్పలు కనపడేలా. మూడింటిలోనూ స్కేలు ఉండాలి. మొప్పల ఫొటో లేకపోతే గుర్తింపుకు ఆధారం లేనట్టే. చివరగా కొక్కును గిల్లకుండా, దాని కింది చెక్క ముక్కతో సహా చాకుతో లేపండి. ఆ చెక్క ముక్కలోనే దాని అసలు ఒళ్లుంది, అది లేకపోతే మీ పోలికలో సగం పోయినట్టే.

తుజా దగ్గర పని తేలిక. అరచేయంత ఆకుకొమ్మ ఒకటి, చిటికెన వేలంత లావున్న పుల్ల ఒకటి, లేత నీలిపచ్చ శంకువులు నాలుగు, ముదిరి గోధుమరంగుకు తిరిగి విచ్చుకున్నవి నాలుగు. ఎవరి పెరట్లోనిదైనా అడిగి తీసుకోండి.

తప్పు: కొక్కులను పాలిథిన్ కవర్లో కట్టి తేవడం. ఒక ఏడు ఒక అబ్బాయి నర్సంపేట నుంచి అట్లా పట్టుకొచ్చాడు. బస్సు హన్మకొండ చేరేసరికి కవర్లో మిగిలింది గోధుమరంగు జావ, అందులో రెండు పురుగులు.
దిద్దుబాటు: కాగితపు కవరు, దాని మీద తేదీ, చోటు, మొద్దు పేరు. ఇంటికి రాగానే విప్పి ఆరేయాలి.

5. ఆరబెట్టడం, నొక్కిపెట్టడం

షైజోఫిల్లమ్ పలచన, తోలులా గట్టి. నీడలో గాలి తగిలేచోట రెండు రోజులు పరిస్తే చాలు. వాన ముసురు వదలకపోతే టేబుల్ లాంప్ కింద జానెడు ఎత్తు ఉంచి ఆరబెట్టండి. ఆరాక కవర్లో మూసి ఒక వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపలున్న పురుగు గుడ్లు చస్తాయి. ఈ పని ఎగ్గొట్టి ఒకసారి నేనే బుద్ధి తెచ్చుకున్నాను. ఆగస్టులో దాచిన పెద్ద గానోడెర్మా (చెక్క మీద వచ్చే ఇంకో గట్టి కొక్కు) దసరా సెలవులయ్యాక తెరిస్తే డబ్బా అడుగున కాఫీ పొడిలాంటి పిండి, పైన అట్ట మాత్రమే మిగిలి ఉంది.

తుజా ఆకుకొమ్మను వార్తాపత్రికల మధ్య పెట్టి బరువు పెట్టండి, మొదటి మూడు రోజులు కాగితాలు రోజూ మార్చండి. శంకువులు నొక్కకూడదు, చిన్న కాగితపు పొట్లంలో వేసి హెర్బేరియం షీటుకు (ఎండిన మొక్కలు అంటించి దాచే అట్టకు) అంటించాలి.

6. గ్లాసు నీళ్ల పరీక్ష

అన్నిట్లోకీ నాకు ఇష్టమైన అంచె ఇది. ఖర్చు సున్నా. ఎండిన కొక్కు ఒకటి, ఎండి విచ్చుకున్న తుజా శంకువు ఒకటి, రెండు గ్లాసుల నీళ్లు కావాలి.

ముందు కొక్కును బ్లేడుతో మొప్పలకు అడ్డంగా కోయండి. కోసిన అంచును లెన్సుతో చూడండి. ఒక్కో మొప్ప ఒక్క పలక కాదు. రెండు పలకలు వీపు వీపు ఆనించి నిలబడ్డాయి. ఎండినప్పుడు ఆ రెండూ విడిపోయి, చెరో వైపు బయటికి వంగి, సిద్ధబీజాలు (స్పోర్లు, శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే సూక్ష్మ కణాలు) పుట్టే పొరను లోపలికి చుట్టేసుకుంటాయి. దుప్పటి కప్పుకున్నట్టే. ఇప్పుడు ఒక చుక్క నీళ్లు వేసి గడియారం చూడండి. కాసేపటికి ఆ చుట్ట విప్పుకోవడం మొదలవుతుంది, పలకలు నిటారై మళ్లీ కలుసుకుంటాయి. ఐదు నిమిషాలకోసారి ఒక ఫొటో తీయండి. ఏళ్ల తరబడి ఎండబెట్టి దాచిన కొక్కులు కూడా తడిపితే ఇట్లా తేరుకుని సిద్ధబీజాలు వదిలినట్టు రికార్డులున్నాయి.

ఇక తుజా ఆడ శంకువు. అది లేతగా ఉన్నప్పుడు మూసుకుని, ముదిరి ఎండాక పొలుసులు విప్పి విత్తనాలు రాలుస్తుంది. దాన్ని నీళ్లలో వేసి పొలుసులు ముడుచుకుంటాయో లేదో, ముడుచుకుంటే ఎంతసేపటికి ఎంతో స్కేలు పెట్టి కొలవండి. వచ్చిందే రాయండి.

ఇక్కడ పోలిక తనంతట తానే బయటపడుతుంది. ఒకటి తడికి తెరుచుకుంటుంది, ఒకటి పొడికి తెరుచుకుంటుంది. కారణం కూడా చెప్పగలగాలి. సిద్ధబీజం ఎగిరిపడటానికి దాని అడుగున సూక్ష్మమైన నీటిబొట్టు కావాలి, గాలిలో తేమ లేకపోతే ఆ బొట్టు ఏర్పడదు. తుజా మగ శంకువు వదిలే పరాగమైతే గాలివాటున పోతుంది, దానికి పొడి రోజు కావాలి. అండం దగ్గర మాత్రం దానికీ ఒక తడిబొట్టు ఎదురుచూస్తుంటుంది. అండం కొనన ఊరే ఆ బొట్టుకు అంటుకున్న పరాగమే లోపలికి చేరుతుంది.

7. స్పోర్ ప్రింట్

స్పోర్ ప్రింట్ అంటే కొక్కు నుంచి కాగితం మీద రాలిన సిద్ధబీజాల అచ్చు. తాజా కొక్కు లేదా గంటసేపు తడిపిన కొక్కు తీసుకోండి. సగం నల్లది, సగం తెల్లది అయిన కాగితం మీద మొప్పలు కిందికి ఉండేలా పెట్టి గ్లాసు బోర్లించండి. రాత్రి పెడితే పొద్దున్నే చూడొచ్చు. తెల్లటి పొడి నల్ల వైపు స్పష్టంగా కనపడుతుంది. రాత్రంతా ఫ్యాన్ వేసి పడుకుని పొద్దున "ప్రింట్ రాలేదు సార్" అనకండి. గ్లాసు అంచున సందు ఉన్నా గాలికి పోతుంది.

ఆ కాగితాన్ని పారేయొద్దు. తర్వాతి అంచెకు సిద్ధబీజాలు అందులోనుంచే తీయాలి.

8. మైక్రోస్కోప్ కింద

కొక్కు వైపు: మొప్ప నుంచి వెంట్రుకంత ముక్క తీసి, 5% కాస్టిక్ పొటాష్ చుక్కలో రెండు నిమిషాలు నాననిచ్చి, నీళ్లతో కడిగి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే నీలి రంగు వేసి, సూదులతో విప్పండి. శిలీంధ్రతంతువులు నీలంగా కనపడతాయి. ప్రింట్ నుంచి ఇంకో స్లైడు చేసి కనీసం 20 సిద్ధబీజాల పొడవు, వెడల్పు కొలవండి. ఒక్కటి కొలిచి రాస్తే అది కొలత అనిపించుకోదు.

తుజా వైపు: పుల్లను ఒక రోజు నీళ్లు, గ్లిజరిన్ సమంగా కలిపి నానబెట్టండి. ఎండిన పుల్లను నేరుగా కోస్తే బ్లేడు జారి వేలు తెగుతుంది, లాబ్‌లో ఏటా జరిగేదే. మూడు దిక్కుల్లో ఛేదాలు తీయాలి: అడ్డంగా, కేంద్రం మీదుగా నిలువునా, అంచుకు సమాంతరంగా నిలువునా. సాఫ్రనిన్ రంగు వేస్తే లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) ఉన్న గోడలు ఎర్రబడతాయి.

అడ్డు ఛేదంలో ఏం లేదో ముందు చూడండి. పెద్ద రంధ్రాలు ఉండవు. కోనిఫర్ దారువులో (చెక్కలో) దారునాళాలు, అంటే నీళ్లు మోసే వెడల్పాటి గొట్టాలు, లేవు, అన్నీ సన్నటి దారుకణాలు ఇటుకల వరసల్లా పేర్చినట్టుంటాయి. తేడా బోధపడాలంటే మామిడి పుల్ల ఛేదం ఒకటి పక్కన పెట్టుకోండి, అందులో నాళాలు జల్లెడ కన్నాల్లా కొట్టొచ్చినట్టు కనపడతాయి. నిలువు ఛేదంలో దారుకణాల గోడల మీద గుండ్రటి గుర్తులు, లోపల ఇంకో చిన్న గుండ్రంతో, చొక్కా గుండీల్లా ఉంటాయి. అవి బోర్డర్డ్ పిట్లు. నీళ్లు ఒక కణం నుంచి ఇంకో కణంలోకి పోయే దారి అదే.

ఇంకో చిన్న పరీక్ష: రెండింటికీ అయోడిన్ చుక్క వేయండి. తుజా ఛేదంలో పిండి నిలవ ఉన్న కణాలు నల్లనీలంగా మారతాయి. కొక్కు ముక్క అట్లా మారదు, శిలీంధ్రం దాచుకునేది గ్లైకోజన్.

తప్పు: తుజా పుల్లలో వలయాలు లెక్కపెట్టి "ఈ కొమ్మ వయసు 6 ఏళ్లు" అని రాయడం.
దిద్దుబాటు: వలయాలను నమ్మాలంటే ఏడాదికి ఒక్కసారి ఎదుగుదల ఆగి మొదలవ్వాలి. మన దగ్గర ఎండాకాలం ఒకసారి, నీళ్లు పోయకపోతే మరోసారి ఆగొచ్చు. ఉన్నట్టు గీయండి, వయసు జోలికి పోకండి.

9. పోలిక పట్టిక: సాటిదాన్ని సాటిదానితో

ఇక్కడే తొందరపడకూడదు. తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో లక్షణం పేరు కాకుండా ప్రశ్న రాయండి. "పోషణ" అని రాస్తే పుస్తకంలో వాక్యం దిగుతుంది. "తిండి ఎక్కడినుంచి వస్తుంది, లోపలికి ఎట్లా పోతుంది?" అని రాస్తే మీరు చూసింది దిగుతుంది.

ఒళ్లు ఏది? శిలీంధ్రానికి చెక్కలోని శిలీంధ్రజాలం, అదే ఆ దారాల వల. తుజాకు వేరు, మాను, ఆకు కలిసిన చెట్టు. రెండింట్లో ఏదీ కొక్కు కాదు, చూడండి.

గోడ దేంతో కట్టింది? శిలీంధ్రానికి కైటిన్, గ్లూకాన్లు. తుజాకు సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. పురుగుల పైపెంకులో ఉండేది కూడా కైటినే. శిలీంధ్రాలు మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలు అన్న మాట ఇక్కడ ఒక వాక్యంలో చెప్పొచ్చు. అయితే ఆ చుట్టరికం తేలింది జన్యువుల పోలికతో, కైటిన్ ఒక్కదాన్నే రుజువుగా చూపకండి.

తిండి? తుజా ఎండలో తానే వండుకుంటుంది. శిలీంధ్రం ఎంజైములను బయటికి వదిలి, చెక్కను అక్కడే కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. జీర్ణం బయట జరుగుతుంది, తినడం తర్వాత.

ప్రత్యుత్పత్తి అవయవం? ఇక్కడ కొక్కు, శంకువు ఎదురెదురుగా రావాలి. రెండూ ఒంట్లో చిన్న భాగమే, ఒక కాలంలో వస్తాయి, గాలికి ఏదో ఒకటి వదులుతాయి.

ఇప్పుడు అందరూ బోర్లాపడే ప్రశ్న. సిద్ధబీజానికి సాటి ఏది? పిల్లలు వెంటనే విత్తనం అంటారు. కాదు. మొప్పల మీది బెసిడియం అనే కణం వదిలే బెసిడియో సిద్ధబీజం క్షయకరణ విభజనతో (క్రోమోజోములు సగమయ్యే విభజనతో) పుట్టిన ఏకస్థితిక (ఒకే జట్టు క్రోమోజోములున్న) కణం. తుజా మగ శంకువులో క్షయకరణ విభజనతో పుట్టేది సూక్ష్మసిద్ధబీజం, అదే ఎదిగి పరాగరేణువు అవుతుంది. కాబట్టి సిద్ధబీజం పక్కన పెట్టాల్సింది పరాగం పుట్టుకను. విత్తనంలో మూడు తరాలుంటాయి: బయటి కవచం తల్లి చెట్టుది, లోపలి ఆహార కణజాలం ఏకస్థితికం, పిండం ద్వయస్థితికం (రెండు జట్ల క్రోమోజోములున్నది). శిలీంధ్రంలో అలాంటిదేమీ లేదు. పట్టికలో ఆ గడిలో "సాటి లేదు" అని రాయడం తప్పు కాదు. నిజానికి నేను మార్కులు వేసేటప్పుడు ముందు చూసేది ఆ "సాటి లేదు" అన్న గడి ఎక్కడైనా ఉందా అని.

కేంద్రకాల లెక్క? పరాగం, విత్తనంలోని ఆహార కణజాలం లాంటివి తప్ప తుజా చెట్టు ఒంట్లో కణాలన్నీ ద్వయస్థితికం. కొక్కు కాసే శిలీంధ్రజాలంలో ఒక్కో కణంలో రెండు ఏకస్థితిక కేంద్రకాలు, కలవకుండా పక్కపక్కన కాపురం ఉంటాయి. అవి కలిసేది బెసిడియంలో మాత్రమే, ఆ వెంటనే విభజన. దీన్ని ద్వయస్థితికం అని రాస్తే తప్పు, ద్వికేంద్రకం అని రాయాలి.

జోడీ ఎట్లా కుదురుతుంది? తుజాలో మగ, ఆడ శంకువులు రెండూ ఒకే చెట్టు మీద వస్తాయి. షైజోఫిల్లమ్‌లో మగా ఆడా లేవు, కలయిక రకాలున్నాయి, అవి 20 వేలకు పైగా. ఎదురుపడిన దారం దాదాపు ఎవరిదైనా సంబంధం కుదురుతుందన్నమాట.

తప్పు: ఒకే గడిలో రకరకాల చెట్లను కలపడం. తుజా ఆకు, పైన్ చెక్క, సైకాస్ విత్తనం అన్నీ "కోనిఫర్" కింద చేరతాయి. జన్యురాశి (ఒక జీవి మొత్తం డీఎన్ఏ) విషయంలో ఇది మరీ ఎక్కువ. షైజోఫిల్లమ్ జన్యురాశి 2010లో వచ్చింది, సుమారు 3.85 కోట్ల బేస్ జతలు. పక్కన 2,200 కోట్లు అని రాస్తారు. అది 2014లో వచ్చిన లాబ్లాలీ పైన్ లెక్క, మీ గేటు పక్కన తుజాది కాదు.
దిద్దుబాటు: రాయాలనుకుంటే ఆ గడిలోనే పైన్ పేరు రాయండి, లేదా ఆ వరసే కొట్టేయండి. పెట్టె చెక్కను తుజా చెక్కగా చూపించడం కూడా ఇదే కోవ. ఆటోనగర్‌లో దొరికే ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో రెసిన్ నాళాలుంటాయి, తుజా చెక్కలో మామూలుగా ఉండవు. ఎగ్జామినర్ లెన్సు పెట్టి చూస్తే దొరికిపోతారు.

10. వీలుంటే: చెక్కను తినిపించి చూడటం

మూడు నెలలు చేతిలో ఉన్నవాళ్లకే. మిగతావాళ్లు 11కు వెళ్లిపోండి.

1. పీడీఏ మీడియం (శిలీంధ్రాన్ని పెంచే గడ్డకట్టిన ఆహారం): లీటరుకు 200 గ్రా. బంగాళాదుంపల కషాయం, 20 గ్రా. డెక్స్‌ట్రోజ్, 20 గ్రా. అగార్. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపాలి.
2. తాజా కొక్కు ముక్కను పెట్రీ డిష్ మూత లోపలి వైపు కాస్త వేజలీన్‌తో అంటించండి, మొప్పలు అగార్ వైపు చూడాలి. ఒక రాత్రిలో సిద్ధబీజాలు కిందికి రాలతాయి. మూత మార్చేయండి.
3. తెల్లటి దూదిలా పెరిగాక అంచు నుంచి కొంచెం తీసి స్లైడు చేయండి. అడ్డుగోడ పక్కన చిన్న వంపు, కొక్కెంలాంటిది, కనపడితే అది క్లాంప్ కనెక్షన్. అది ఉందంటే ద్వికేంద్రక స్థితి వచ్చినట్టు.
4. మామిడి, తుజా చెక్కలు 2 × 2 × 1 సెం.మీ. ముక్కలు ఐదేసి కోసి, 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి తూచండి. తర్వాత వాటినీ ఆటోక్లేవ్ చేసి శిలీంధ్రం మీద పెట్టండి. శిలీంధ్రం లేని అగార్ మీద మరో ఐదేసి ముక్కలు పెట్టడం మరవకండి.
5. 12 వారాల తర్వాత పైన పట్టిన దూదిని మెత్తని బ్రష్‌తో తుడిచి, మళ్లీ ఆరబెట్టి తూచండి. తగ్గిన బరువును మొదటి బరువుతో భాగించి వందతో గుణించాలి. ఉదాహరణకు 4.20 గ్రా. ముక్క 3.99కి వస్తే నష్టం 5%. శిలీంధ్రం లేని ముక్కల్లో వచ్చిన నష్టాన్ని అందులోంచి తీసేయాలి.

పెద్ద అంకెలు వస్తాయని ఆశపడకండి. షైజోఫిల్లమ్ మెల్లగా తినే రకం, కొత్తగా పడిన మొద్దు మీద ముందుగా వాలుతుందే గాని దాన్ని మట్టి చేసేది తర్వాత వచ్చేవాళ్లు. పుస్తకాలు దీన్ని తెల్ల కుళ్ళు (లిగ్నిన్ను కూడా కరిగించి చెక్కను తెల్లబరిచే రకం) జాబితాలో వేస్తాయి. కానీ తెల్ల కుళ్ళు శిలీంధ్రాలకు పేరు తెచ్చిన లిగ్నిన్ పెరాక్సిడేజ్ జన్యువులు దీని జన్యురాశిలో లేవు. ఆ రెండు మాటలూ రాసి వదిలేయండి, తీర్పు మీరు చెప్పనక్కర్లేదు. మామూలుగా ఇది వెడల్పాకు చెట్ల చెక్క మీదే ఎక్కువ, కోనిఫర్ చెక్క మీద అప్పుడప్పుడు. మీ తుజా ముక్కల్లో నష్టం సున్నాకు దగ్గరగా వస్తే ప్రయోగం చెడిందనుకోవద్దు, అంకె మార్చొద్దు.

11. రాయడం

ముందు పట్టిక కాదు, ముందు నోట్సు. ఒక్కో ప్రశ్నకు రెండు మూడు వాక్యాలు, చూసినది ముందు, చదివినది తర్వాత. తేడా చూడండి.

పనికిరానిది: "శిలీంధ్రాలు పరపోషితాలు, కోనిఫర్లు స్వయంపోషితాలు."

పనికొచ్చేది: "జులై 14న సేకరించిన మామిడి మొద్దులో కొక్కు కింది చెక్క గోటితో గీరితే రాలింది. జానెడు దూరంలో చెక్క గట్టిగానే ఉంది. ఛేదంలో నీలిరంగు తంతువులు మెత్తబడిన చోటే ఎక్కువ కనిపించాయి. తుజా పుల్లలో అలాంటి మెత్తబడిన భాగం ఎక్కడా లేదు."

రెండో దాంట్లో ఒక్క శాస్త్రీయ పదం లేకపోయినా అది మీది. శాస్త్రీయ పదం తర్వాతి వాక్యంలో పెట్టుకోవచ్చు.

బొమ్మలు పెన్సిల్‌తో గీయండి, పక్కన ఎన్ని రెట్లు పెంచి చూశారో రాయండి. నెట్‌లోంచి తీసిన ఫొటో పెడితే తీసిందని రాయండి. మీ మొద్దు మీద లేని ఎర్ర కొక్కు మీ రిపోర్టులో కనపడితే అడగకుండా ఎవరుంటారు?

12. వైవాకు ముందురోజు చూసుకునే జాబితా

- రెండు జాతుల పూర్తి పేర్లు, తుజా పాత పేరుతో సహా
- చోటు, తేదీ, మొద్దు ఏ చెట్టుదో
- మొప్పల ఫొటో, స్కేలుతో
- స్పోర్ ప్రింట్ కాగితం, చెదరకుండా గాజు కింద
- 20 సిద్ధబీజాల కొలతలు, సగటు
- తుజా ఛేదాలు మూడు, మామిడి ఛేదం ఒకటి
- పట్టికలో కొక్కు ఎదురుగా శంకువు, శిలీంధ్రజాలం ఎదురుగా చెట్టు ఉన్నాయా
- "సాటి లేదు" గడి
- ఈ రెండూ మన దగ్గర అడవిలో కలిసి పెరగవన్న వాక్యం
- ఒక చిన్న డబ్బాలో ఎండిన కొక్కు, ఒక డ్రాపర్ సీసాలో నీళ్లు

ఆ ఆఖరిది మరవకండి. ఎగ్జామినర్ మొదటి ప్రశ్న అడిగే ముందే కొక్కు మీద చుక్క వేసి పక్కన పెట్టండి. మీరు కేంద్రకాల లెక్క చెప్పడం పూర్తయ్యేసరికి మొప్పలు విప్పుకుంటుంటాయి, లెన్సు ఆయన చేతికివ్వండి.